ప్రశ్నలో మీ కోడ్ ఏది?

అందరికీ నమస్కారం.

"అర్జెంట్! రేపే సబ్మిషన్. ప్లీజ్, కోడ్ పెట్టండి." దాని కింద అసైన్‌మెంట్ కాగితం ఫొటో. ప్రోగ్రామర్లు చేరే ఏ ఆన్‌లైన్ గుంపులోనైనా రోజూ కనిపించేదే ఇది. ఆ ఫొటో పెట్టినవాళ్లు ఇక్కడ ఉంటే చేతులెత్తక్కర్లేదు లెండి.

హోంవర్క్ గురించి అడగడం నేరమేమీ కాదు. 2008లో మొదలైన, ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇలాంటి ప్రశ్నలకు "హోంవర్క్" అనే ట్యాగ్ ఉండేది. 2012లో దాన్ని పక్కన పెట్టేశారు. ప్రశ్న ఎలా ఉందో చూడాలి గానీ, అది క్లాసులోంచి వచ్చిందా ఆఫీసులోంచి వచ్చిందా అని ఆరా ఎందుకు? నాకైతే ఆ ట్యాగ్ తీసేయడం సబబే అనిపిస్తుంది.

సీ భాషలో రెండు మార్కుల సగటు కట్టాలనుకోండి. "సగటు తప్పొస్తోంది, ఏం చేయాలి?" అంటే ఎవరేం చెప్తారు? అదే "7, 8 ఇచ్చాను. 7.5 రావాలి, 7.0 వస్తోంది. సగటును ఫ్లోట్ అనే పెట్టాను కదా?" అని మీరు రాసిన నాలుగు లైన్లూ చూపిస్తే, చూసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఆ "కదా" దగ్గరే ఉంది తిరకాసంతా. ఫ్లోట్ అంటే దశాంశాలు పట్టే రకం. కానీ 7, 8 కలిపితే వచ్చిన 15, దాన్ని భాగించే 2 రెండూ పూర్ణాంకాలే కాబట్టి సీ అక్కడికక్కడే 7 అని తేల్చేస్తుంది. ఫ్లోట్‌లోకి చేరేసరికే ఆ అర పోయింది. 2 బదులు 2.0 అని రాస్తే సరి. ఎవరో ప్రోగ్రామంతా రాసిచ్చి ఉంటే అందులోనూ 2.0 ఉండేది. ఆ సున్నా ఎందుకుందో మీరు పట్టించుకునేవారా?

జవాబిచ్చేవాళ్లమూ తక్కువ తినలేదు. కొందరు కసురుకుంటారు, కొందరు అడగ్గానే అంతా వడ్డించేస్తారు. నేను రెండో రకం. లింక్‌డ్ లిస్ట్‌ని, అంటే ప్రతి గడీ తన తర్వాతి గడికి దారి ("నెక్స్ట్") చూపించే గొలుసుని, తిరగేయడం ఎలా అని ఒకబ్బాయి అడిగితే, తెలివి చూపించుకోవాలన్న ఉబలాటంతో పూర్తి కోడ్ ఇచ్చేశాను. మర్నాడు మెసేజ్: "సార్, నెక్స్ట్‌ని ముందే వేరే వేరియబుల్‌లో ఎందుకు దాచావని మా మేడమ్ అడుగుతున్నారు. ఏం చెప్పాలి?"

ఈసారి జవాబు చెప్పలేదు. కాగితం మీద మూడు గళ్లు గీసి, బాణాలు వేసి, దాచకుండా మొదటి బాణం తిప్పి చూడమన్నాను. అరగంట తర్వాత ఫొటో పంపాడు, కొట్టివేతలతో సహా. కింద ఒకటే వాక్యం: "రెండో గడికి ఇక దారి లేదు సార్!"