తీగ పక్కన దిక్సూచి: సైన్సు దినోత్సవం నాడు బడిలో చేసిన ప్రసంగం

హెడ్‌మాస్టరు మేడం గారికి, సైన్సు మాస్టారికి, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన పూర్వ విద్యార్థులకు, పొలం పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, పిల్లలందరికీ నమస్కారం. ఇవాళ ఫిబ్రవరి 28. 1928లో ఇదే రోజున సి.వి. రామన్ గారు కాంతి గురించి కనిపెట్టిన సంగతిని మాస్టారు చక్కగా చెప్పారు. కాంతి గురించి చెప్పగలిగినంత చదువు నాకు లేదు. ముప్పై ఏళ్లకు పైగా మోటార్లకు వైండింగ్, అంటే లోపల రాగి తీగ చుట్టే పని, చేస్తున్నాను. నాకు తెలిసింది రాగి తీగ, ఇనుము, ఆ రెంటి మధ్య జరిగే సంగతి. అదే చెప్తాను.

ఈ బల్ల మీద ఒక టార్చిలైటు సెల్లు, కాస్త రాగి తీగ, ఒక అయస్కాంతం నేను తెచ్చుకున్నవి. ఈ దిక్సూచి, కొద్దిపాటి కరెంటునైనా ముల్లుతో చూపించే ఈ గాల్వనోమీటరు మాత్రం మన బడివే. పొద్దున మేడం గారిని అడిగి బీరువా తీయించాను. దిక్సూచి మీద దుమ్ము అట్టకట్టి ఉంది. తుడిచాను. సూది చక్కగా తిరుగుతోంది, చూడండి. నేను ఇక్కడ చదివేటప్పుడు కూడా ఆ బీరువా అక్కడే ఉండేది. అద్దంలోంచి చూసేవాళ్లం, అంతే.

ముందు కరెంటు సంగతి. రాగి తీగలో ఎలక్ట్రాన్లు ముందునుంచే నిండి ఉంటాయి, కాలువ నిండా నీళ్లున్నట్టు. సెల్లు కొత్తగా ఏమీ పొయ్యదు. ఉన్నవాటిని తోస్తుంది. ఆ తోపు వోల్టేజి. పారేది కరెంటు, దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. పారనివ్వకుండా అడ్డుపడేది నిరోధం, దాని కొలత ఓము. కాలువకీ దీనికీ ఒక్క తేడా ఉంది, అది బాగా గుర్తుంచుకోండి. కాలువ నీళ్లు మడిలో ఇంకిపోతాయి. కరెంటు అలా ఎక్కడా ఇంకిపోదు. బయల్దేరిన చోటికి తిరిగి రావాలి. తిరుగు దారి లేకపోతే అసలు పారదు.

వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు. ఇది ఓం నియమం. పదో తరగతి పిల్లలూ, మీకు నోటికొచ్చు కదా? నాకూ వచ్చేది. ఇప్పుడు చెప్పబోయే మాట నా కాగితంలో చివర రాసుకున్నాను. కానీ ఇక్కడే చెప్పేస్తాను. గొంతులో పెట్టుకుని మిగతాది చెప్పలేను.

1987 మార్చి. నా పదో తరగతి పరీక్షలు. ఫిజికల్ సైన్సు పేపర్లో ఓం నియమం మీద లెక్క వచ్చింది. తప్పు లేకుండా చేశాను. ఆ తర్వాత మూడో రోజు, రాత్రి రెండింటికి త్రీఫేజ్ కరెంటు ఇచ్చారని మా చిన్నాన్న మోటారు వెయ్యడానికి చేలోకి వెళ్లాడు. వరి పొట్ట మీద ఉంది, ఒక తడి తప్పితే తాలు పోతుంది. వట్టి కాళ్లు. మడిలో బురద. తాటి మొద్దుకి కొట్టిన ఇనప స్టార్టర్ డబ్బా. దాని లోపల ఒక తీగ తొడుగు చెడి డబ్బాకి తగులుతోందని ఎవరికీ తెలియదు.

తెల్లారి టీ తీసుకుని వెళ్లింది నేనే. టార్చిలైటు గట్టు మీద పడి ఇంకా ఎర్రగా వెలుగుతూనే ఉంది. పైపులోంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి. మోటారు ఆడుతూనే ఉంది. ఫ్యూజు పోలేదు.

ఊరంతా రాత అన్నారు. మా పిన్ని కూడా అదే అనుకుని బతికింది. నేనూ అదే అనుకున్నాను, మూడు రోజుల కిందట లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ లెక్క మా చేలో కూడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, నాకు తట్టలేదు.

ఇప్పుడు చేద్దాం. త్రీఫేజ్ అంటే మూడు తీగల్లో వచ్చే కరెంటు, ఒక్కో తీగా ఒక ఫేజు. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు, ఒక్కో ఫేజుకీ నేలకీ మధ్య సుమారు 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ అనే తిరుగు తీగని భూమిలోకి దించుతారు, అందుకని నేల కూడా ఒక తిరుగు దారే. తడిసిన మనిషి ఒంటి నిరోధం ఇంచుమించు 1000 ఓములు అనుకోండి. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు. చాలా చిన్న అంకె. కానీ ఆంపియరులో వందో వంతు దాటితేనే చేతి కండరాలు బిగిసిపోయి, పట్టుకున్నది వదలలేం. పదో వంతు గుండె మీదుగా పోతే ప్రాణం నిలవడం కష్టం. అదే 5 హెచ్‌పీ మోటారు తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లు. దానికి తగ్గట్టు వేసిన ఫ్యూజుకి 0.23 ఒక లెక్కా? ఎందుకు పోతుంది? రైతులందరికీ దండం పెట్టి చెప్తున్నాను. ఫ్యూజు తీగల్ని కాపాడటానికి పెట్టింది. డబ్బా ముట్టుకున్న మనిషిని అది కాపాడదు.

మోటారు ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. ఇప్పుడు స్టార్టర్ డబ్బాకీ మోటారు బాడీకీ నేలలోకి కలిపే ఎర్త్ వైరు ఉన్నవాళ్లు మాత్రం చెయ్యి అలాగే ఉంచండి. మిగతావాళ్లు దించండి.

చూశారా అమ్మా, ఎన్ని చేతులు దిగాయో.

నా షాపుకి కాలిపోయిన మోటార్లు రోజూ వస్తాయి. వేల రూపాయలు పోసి వైండింగ్ చేయించుకుంటారు. ఎర్త్ వైరు వెయ్యనా అంటే, ఇప్పుడెందుకులే అంటారు. గొయ్యి తవ్వి పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలంలో కాసిని నీళ్లు పోస్తూ ఉండాలి. డబ్బాకి లీకయ్యే కరెంటు ఎక్కువగా ఆ దారిన పోతుంది. అయితే అదొక్కటీ చాలదు. దాంతోపాటు ఆర్‌సీసీబీ అనే పెట్టె పెట్టించుకోండి. ఆ పెట్టె ఎలా పని చేస్తుందో ఇక్కడే చూపిస్తాను, దానికి ఈ దిక్సూచి చాలు.

దిక్సూచి సూది ఉత్తరం వైపు నిలబడింది. దాని పైన తీగని ఉత్తర దక్షిణాలుగా పెట్టాను. ఇప్పుడు సెల్లుకి ఒక్క క్షణం కలుపుతాను. ఎక్కువసేపు కలిపితే తీగ వేడెక్కుతుంది, సెల్లు పాడవుతుంది. చూడండి, సూది పక్కకి తిరిగింది! సెల్లుని తిప్పి పెడతాను. ఇప్పుడు అవతలి పక్కకి తిరిగింది.

1820లో కోపెన్‌హేగన్‌లో ఆయిర్‌స్టెడ్ అనే ప్రొఫెసరు విద్యార్థులకు పాఠం చెబుతూ చూసింది ఇదే. రాగికి సూదంటురాయి గుణం లేదు. అయినా అందులో కరెంటు పారుతున్నంతసేపూ దాని చుట్టూ అయస్కాంతత్వం ఉంటుంది. అప్పటిదాకా కరెంటు వేరు, అయస్కాంతం వేరు అనుకున్నారు. నేను ఐటీఐలో చేరిన మొదటి రోజు మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఇది చూపించారు. నాకు ఏడుపొచ్చింది. అందరూ ఎందుకురా అని అడిగారు. చెప్పలేకపోయాను.

ఇప్పుడు అదే తీగని మధ్యకి మడిచి, రెండు పోగులూ ఆనించి దిక్సూచి మీద పెడుతున్నాను. ఒక పోగులో కరెంటు పోతుంది, రెండోదాంట్లో తిరిగి వస్తుంది. కలిపాను. సూది కదల్లేదు. ముందు బెంచీ వాళ్లూ, కదిలిందా? లేదు కదా. పోయేదీ వచ్చేదీ సమానం, దీని అయస్కాంతత్వాన్ని అది చెరిపేసింది.

ఇక రెండో ముక్క. మైకేల్ ఫారడే అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగ్ చేసే చోట పనికి కుదిరి, బైండింగుకి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. కరెంటు వల్ల అయస్కాంతం పుడితే అయస్కాంతం వల్ల కరెంటు పుట్టాలి కదా అని ఏళ్ల తరబడి వెతికాడు. 1831లో ఇనప రింగుకి ఒక పక్క ఒక తీగ చుట్ట, ఇంకో పక్క ఇంకో తీగ చుట్ట చుట్టాడు. మొదటి చుట్టకి బ్యాటరీ కలిపిన క్షణంలో రెండో చుట్టకి పెట్టిన సూది కదిలింది. తీసేసిన క్షణంలో మళ్లీ కదిలింది. మధ్యలో కరెంటు పారుతున్నంతసేపూ కదల్లేదు. ఊరికే అయస్కాంతం ఉంటే సరిపోదు, అది మారుతూ ఉండాలి. ఇదిగో, ఈ చుట్టలోకి అయస్కాంతాన్ని తోస్తే గాల్వనోమీటరు ముల్లు ఊగింది. ఆపితే సున్నాకి వచ్చేసింది. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. వాటిలోనూ జరిగేది ఇదే, అక్కడ చేతికి బదులు కృష్ణ నీళ్లు తిప్పుతాయి. అవే యంత్రాలకు కరెంటు ఇచ్చి వెనక్కి తిప్పితే నీళ్లు పైకి తోడతాయి. మీ మోటారులో కూడా తిరిగే రోటరుకి బయటి నుంచి ఏ తీగా కలపం. చుట్టూ ఉన్న చుట్టల అయస్కాంతత్వం తిరుగుతుంటే రోటరులో తనంతట తానే కరెంటు పుడుతుంది. ఒక ఫేజు పోయినప్పుడు వేస్తే మోటారు తిరగకుండా మూలుగుతుంది కదా, ఆ అయస్కాంతత్వం తిరగడం మానేసిందని అర్థం. వెంటనే ఆపెయ్యండి.

మోటారు గురించి చెప్పమంటే నేను సాయంత్రం దాకా చెప్తాను. ఆ పెట్టె దగ్గరికి వస్తాను. ఆర్‌సీసీబీ లోపల ఒక చిన్న రింగు ఉంటుంది. పోయే తీగా వచ్చే తీగా రెండూ దాని మధ్యలోంచి వెళ్తాయి. త్రీఫేజ్ అయితే మూడూ వెళ్తాయి. అంతా సవ్యంగా ఉంటే, మడిచిన తీగలో చూశారు కదా, అయస్కాంతత్వం సున్నా. ఎవరైనా డబ్బా ముట్టుకుని కొంత కరెంటు ఒంట్లోంచి నేలలోకి పోయిందనుకోండి, ఆ మేరకు తిరిగి వచ్చేది తగ్గుతుంది. లెక్క తేలదు. రింగులో అయస్కాంతత్వం పుడుతుంది. రింగుకి చుట్టిన ఇంకో చుట్టలో ఫారడే చెప్పిన కరెంటు పుడుతుంది, అది స్విచ్‌ని పడగొడుతుంది. 30 మిల్లీఆంపియర్ల రకం, అంటే 0.03 ఆంపియరుది, పెట్టుకుంటే, అంత తేడా వచ్చిందంటే సెకనులో మూడో వంతు లోపే కరెంటు ఆగిపోవాలి. నెలకోసారి దాని మీదుండే టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూసుకోండి.

ఆయిర్‌స్టెడ్ 1820, ఫారడే 1831. ఇద్దరి పాఠాలూ ఈ బడి పుస్తకంలో ఉన్నాయి, నేను చదివినప్పుడూ ఉన్నాయి. మా చిన్నాన్న డబ్బా దగ్గర లేనిది ఆ రెండు పాఠాలే.

మేడం గారూ, మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. వస్తువులు పగిలితే లెక్క చెప్పాల్సింది మీరేనని నాకు తెలుసు. పగిలినవాటి లెక్క నా మీద వెయ్యండి. తీగ, సెల్లు, దిక్సూచి ఏడాదికి ఎన్ని కావాలన్నా నా షాపు నుంచి పంపిస్తాను. ఆ బీరువాకి మాత్రం తాళం వెయ్యకండి.

పిల్లలూ, ఒక్క జాగ్రత్త. ఇదంతా టార్చిలైటు సెల్లుతోనే. గోడ ప్లగ్గు జోలికి ఎవరూ వెళ్లకూడదు. ఎనిమిదో తరగతి వాళ్లు ముందుకి రండి, ఐదుగురు ఐదుగురుగా. నువ్వు రామ్మా, దిక్సూచి పట్టుకో. బాబూ, తీగ మడిచి నువ్వు పెట్టు. పోగులు ఆనాలి, ఇంకా దగ్గరికి. ఊఁ, ఇప్పుడు కలుపు.