డమ్మీని కాటాపై పెట్టేవాళ్లు

శ్రోతలకు నమస్కారం.

ఫైర్‌మెన్ పోటీ చూడడానికి వచ్చినవాళ్లకు కనిపించేది మూడు నాలుగు నిమిషాల పరుగు. మా పని మాత్రం ముందురోజు రాత్రే మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఒక మైదానంలోకి లారీ వస్తుంది. పైపులు దింపి, పరంజా కట్టి, మెట్లు బిగించేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఇక్కడ అయ్యాక అదంతా విప్పి, మళ్లీ లారీకెక్కించి, ఇంకో జిల్లాకు వెళతాం.

ఈ తరహా పోటీ పుట్టింది అమెరికాలో. మంటలార్పే పనికి ఒంట్లో ఎంత సత్తువ ఉండాలో తేల్చాలని 1970లలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పాల్ డేవిస్ అనే పరిశోధకుడు అధ్యయనం చేశారు. ఆ పనే 1991లో ఫైర్‌ఫైటర్ కంబాట్ ఛాలెంజ్‌గా మారింది. ఫైర్ సూటు, వీపున గాలి సిలిండరు వేసుకుని, దాదాపు 19 కిలోల హోస్, అంటే నీళ్ల గొట్టం, మోపు భుజాన పెట్టుకుని ఐదంతస్తుల టవర్ ఎక్కాలి. పైనుంచి అంతే బరువున్న మరో చుట్టను తాడుతో లాక్కోవాలి. దిగేటప్పుడు ఒక్క మెట్టూ వదలకుండా తొక్కాలి. కింద సుత్తితో 70 కిలోలు దాటిన ఇనుప దూలాన్ని ఐదడుగులు జరపాలి. నీళ్లు నిండిన హోస్‌ను 75 అడుగులు ఈడ్చాలి. చివర్లో 80 కిలోల డమ్మీని, అంటే కాపాడాల్సిన మనిషికి బదులు పెట్టే బొమ్మను, వెనక్కి నడుస్తూ 100 అడుగులు లాగాలి.

మా టవర్ మూడంతస్తులే. అయినా మన ఏప్రిల్ ఎండలో ఆ సూటు వేసుకుంటే మూడే ఎక్కువనిపిస్తుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు పేలుడులో ప్రాణాలిచ్చిన ఫైర్‌మెన్ జ్ఞాపకార్థం అగ్నిమాపక వారోత్సవాలు ఆ నెలలోనే వస్తాయి. మేం కూడా అప్పుడే పోటీ పెడతాం. అందుకే పొద్దున ఐదున్నరకే మొదటి జత పరుగెత్తాలి, ఎనిమిదిన్నరకు ఆపేయాలి. అంబులెన్సు రాకపోతే విజిల్ ఊదం, ఎవరెంత తొందరపెట్టినా సరే. అమెరికాలో విధుల్లో చనిపోయే ఫైర్‌మెన్‌లో ఎక్కువమందిని తీసుకుపోతున్నది మంట కాదు, గుండెపోటు. ఆ సంగతి తెలిశాక అంబులెన్సు విషయంలో రాజీపడలేం.

ఇద్దరు పక్కపక్క ట్రాకుల్లో పరుగెడతారు. రెండు ట్రాకులూ అచ్చం ఒకేలా ఉండాలి. ఒక జత వెళ్లగానే మా కుర్రాళ్లు దూలాన్ని వెనక్కి జరుపుతారు, హోస్‌ను మెలిక లేకుండా పరుస్తారు, డమ్మీని గీత దగ్గరకు మోసుకొస్తారు. అరగంటకే వాళ్ల చొక్కాలు పిండితే నీళ్లు కారతాయి. వాళ్లకు చప్పట్లు ఉండవు.

ఒకసారి ఒక లీడింగ్ ఫైర్‌మ్యాన్ పరుగు ముగించి, హెల్మెట్ తీసి, ఊపిరి అందాక, “అన్నా, నా డమ్మీ బరువుంది. చూడండి” అన్నాడు. ఓడినవాడు చెప్పే సాకు అనుకున్నారు కొందరు. నేను కాటా తెప్పించాను. మూడు కిలోలు ఎక్కువ! హోస్ అతుకు దగ్గర కారిన నీళ్లన్నీ డమ్మీ పడుకున్న చోటికి చేరి, దాని ప్యాంటూ, లోపలి గుడ్డలూ పీల్చేశాయి. తప్పు పూర్తిగా మాదే. అరగంట విశ్రాంతి ఇచ్చి మళ్లీ పరుగెత్తమన్నాం. రెండోసారీ ఓడిపోయాడు. కానీ వెళ్లేముందు మా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు.

ఆ డమ్మీని ఎంత శ్రద్ధగా చూసుకుంటామో ఎవరికీ తెలియదు. దాని మడమలు తారురోడ్డు మీద ఈడ్చుకుపోయి అరిగిపోతాయి. పాత టైరు ముక్కలు కోసి బూట్ల కింద కుడతాం. చంకల కింద కుట్లు ఊడితే లాగేవాడి పట్టు జారుతుంది. అందుకే అక్కడ మాత్రం మూడు వరసల కుట్టు. 2025 మే 18న హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర ఇరుకు దారి ఉన్న ఇంట్లో మంటలు రేగి 17 మంది చనిపోయినప్పటి నుంచి, ఆ చంకల కింద చేతులు వేసి లాగుతున్న ప్రతి ఫైర్‌మ్యాన్‌నూ నేను ఇంకోలా చూస్తున్నాను.

ఇప్పుడు డమ్మీ కింద టార్పాలిన్ పరుస్తాం. ప్రతి ఐదు జతలకూ ఒకసారి రెండు డమ్మీలనూ కాటా మీద పెడతాం, పోటీదారుల కళ్లెదుటే. అంకె పైకి చదివేది ఆ రోజు అందరికంటే చిన్న వయసున్న ఫైర్‌మ్యాన్.