జాబిక్స్ 6.0 నుంచి 7.0కి మార్చాక సర్వర్ లేవడం లేదా? లాగ్‌లో మొదటి ఎర్రర్ పట్టుకోండి

[తెర: జాబిక్స్ డ్యాష్‌బోర్డ్. "జాబిక్స్ సర్వర్ ఈజ్ నాట్ రన్నింగ్" అన్న పట్టీ మీద కర్సర్ ఆగుతుంది]

వాయిస్: సర్వర్లను, నెట్‌వర్క్ పరికరాలను గమనిస్తూ ఉండే సాఫ్ట్‌వేర్ జాబిక్స్. దాని కొత్త ప్యాకేజీలు ఎక్కించారు, సర్వీస్ స్టార్ట్ చేశారు, బ్రౌజర్ తెరిస్తే ఈ పట్టీ. వెంటనే చెయ్యి సర్వీస్ రీస్టార్ట్ వైపు వెళ్తుంది. ఆ ఒక్క పని ఇప్పుడు చేయకండి. ఎందుకో చూద్దాం.

6.0కి, 7.0కి మధ్య డేటాబేస్ టేబుళ్ల ఆకారం మారింది. ఆ మార్పులు చేసేది ప్యాకేజీ కాదు, కొత్త సర్వరే. స్టార్ట్ కాగానే డీబీవర్షన్ అనే చిన్న టేబుల్ చదువుతుంది, తనకు కావలసిన అంకెతో పోల్చుకుంటుంది, తేడా ఉంటే ప్యాచ్‌లు, అంటే టేబుళ్లను మార్చే చిన్న అంచెలు, ఒక్కొక్కటే నడుపుతుంది. అది పూర్తయ్యేదాకా మానిటరింగ్ మొదలవ్వదు. ఆ సమయంలో వెబ్ పేజీ తెరిస్తే "మీ డేటాబేస్ వెర్షన్ 6000000, కావలసింది 7000000" అన్న సందేశం రావచ్చు. అంటే పాడైందని కాదు, పని ఇంకా ముగియలేదని.

[తెర: టెర్మినల్. వార్ లాగ్ కింద జాబిక్స్ డైరెక్టరీలోని సర్వర్ లాగ్ ఫైల్, టెయిల్ కమాండ్‌తో నడుస్తోంది]

వాయిస్: కాబట్టి మొదట చూడాల్సింది వెబ్ పేజీ కాదు, ఈ లాగ్. "స్టార్టింగ్ ఆటోమేటిక్ డేటాబేస్ అప్‌గ్రేడ్" అన్న వరుస వచ్చిందా? దాని కింద శాతాలు కదులుతున్నాయా? కదులుతుంటే ఆగండి.

ఆ శాతం ఎన్ని ప్యాచ్‌లు అయ్యాయో చెబుతుంది, ఎంత సమయం పడుతుందో చెప్పదు. ఈవెంట్ల టేబుల్ పెద్దదైతే ఒకే అంకె దగ్గర చాలాసేపు నిలబడిపోవచ్చు. సర్వర్ చచ్చిపోయిందన్న అనుమానం ఉంటే మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే ఇంకో టెర్మినల్‌లో దాన్ని తెరిచి షో ప్రాసెస్‌లిస్ట్ ఇవ్వండి. ఆల్టర్ టేబుల్ గానీ, అప్‌డేట్ గానీ నడుస్తూ కనిపిస్తే పని జరుగుతోందన్నమాట. పోస్ట్‌గ్రెస్‌లో అయితే పీజీ స్టాట్ యాక్టివిటీ చూడండి.

ఈ మధ్యలో చంపేస్తే ఏమవుతుంది? మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ ఆకారం మార్చే కమాండ్‌ని రోల్‌బ్యాక్ చేయలేం, అంటే వెనక్కి తిప్పలేం. కొత్త కాలమ్ చేరిపోతుంది, డీబీవర్షన్‌లో అంకె మాత్రం పాతదే ఉండిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే అదే కాలమ్ కలపబోయి "డూప్లికేట్ కాలమ్ నేమ్" అంటుంది. అది 1060 ఎర్రర్. చాలాసార్లు బ్యాకప్ నుంచి మొదలుపెట్టడమే శుభ్రమైన దారి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ కమాండ్లు కూడా ట్రాన్సాక్షన్ (మధ్యలో ఆగితే మొత్తం వెనక్కి పోయే పని) లోపలే నడుస్తాయి కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

[తెర: సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్. "యాక్టివేటింగ్, ఆటో రీస్టార్ట్" అన్న పదాల చుట్టూ గీత]

వాయిస్: ఇప్పుడు అసలు చిక్కు. స్టేటస్‌లో ఆటో రీస్టార్ట్ అని కనిపిస్తే, సర్వర్ పడిపోతోంది, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ దాన్ని 10 సెకన్లకోసారి లేపుతోంది. లాగ్ అడుగున ఉన్న ఎర్రర్ నూరోసారి పడినప్పటిది. మొదటిసారి ఏం జరిగిందో పైన ఎక్కడో ఉంటుంది. సర్వీస్‌ని స్టాప్ చేయండి. లాగ్‌లో "కరెంట్ డేటాబేస్ వెర్షన్" అన్న పదాలు వెతికి, అప్‌గ్రేడ్ తర్వాత అవి మొదటిసారి కనబడిన చోటి నుంచి కిందికి చదవండి.

[తెర: లాగ్‌లో 1419 అంకె పెద్దదిగా]

వాయిస్: మైఎస్‌క్యూఎల్ 8 మీద తరచూ దొరికేది 1419. "మీకు సూపర్ ప్రివిలేజ్ లేదు, బైనరీ లాగింగ్ ఆన్‌లో ఉంది" అని దాని భావం. జాబిక్స్ కొత్త వెర్షన్ టేబుళ్ల మీద ట్రిగ్గర్లు, అంటే టేబుల్‌లో మార్పు జరగగానే తనంతట నడిచే చిన్న కోడ్‌లు, పెడుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి బైనరీ లాగ్, అంటే డేటాబేస్‌లో మార్పులు రాసుకునే లాగ్, డిఫాల్ట్‌గా ఆన్. అది ఆన్‌లో ఉన్నప్పుడు మామూలు యూజర్‌ని ట్రిగ్గర్ పెట్టనివ్వదు. దీనికి జాబిక్స్ యూజర్‌కి సూపర్ హక్కులు ఇచ్చేయకండి, అది తలుపు తీసి వదిలేయడమే. రూట్‌గా లాగిన్ అయి, లాగ్ బిన్ ట్రస్ట్ ఫంక్షన్ క్రియేటర్స్ అన్న గ్లోబల్ వేరియబుల్‌ని 1 చేయండి.

[తెర: ఆ సెట్ గ్లోబల్ కమాండ్ పూర్తిగా, 5 సెకన్లు నిలబడాలి]

వాయిస్: సర్వర్‌ని స్టార్ట్ చేయండి. ముగిసిన ప్రతి ప్యాచ్ డీబీవర్షన్‌లో నమోదై ఉంటుంది కాబట్టి మామూలుగా ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. "డేటాబేస్ అప్‌గ్రేడ్ ఫుల్లీ కంప్లీటెడ్" అన్న వరుస వచ్చాక అదే వేరియబుల్‌ని తిరిగి 0 చేయండి.

పోస్ట్‌గ్రెస్‌లో దీనికి చుట్టం లాంటి ఎర్రర్ ఒకటుంది: "మస్ట్ బి ఓనర్ ఆఫ్ టేబుల్". ఎప్పుడో ఎవరో డంప్‌ని (డేటాబేస్ బ్యాకప్ ఫైల్‌ని) పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరుతో రీస్టోర్ చేసి ఉంటారు. చదవడానికి, రాయడానికి హక్కులుంటే రోజువారీ పనికి సరిపోయింది, టేబుల్ మార్చాలంటే మాత్రం యజమాని కావాలి. టేబుళ్లు, సీక్వెన్సులు అన్నిటి ఓనర్‌ని జాబిక్స్ యూజర్‌కి మార్చండి.

అప్‌గ్రేడ్ మొదలే కాకుండా "అన్‌సపోర్టెడ్ డేటాబేస్ వెర్షన్" అని ఆగిందా? 7.0కి మైఎస్‌క్యూఎల్ 8.0.30, మరియాడీబీ 10.5, పోస్ట్‌గ్రెస్ 13 కనీసం ఉండాలి. కాన్ఫిగ్‌లో ఈ తనిఖీని దాటవేసే అలౌ అన్‌సపోర్టెడ్ డీబీ వెర్షన్స్ అన్న పారామీటర్ ఉంది. ఒక రాత్రి గడవడానికి పనికొస్తుంది, అంతకుమించి దాన్ని నమ్మకండి. క్యారెక్టర్ సెట్ సరిగా లేదన్న వార్నింగ్ కూడా కనిపిస్తే, అది సర్వర్‌ని ఆపేది కాదు. తర్వాత తీరిగ్గా సరిచేయండి.

[తెర: యాక్సెస్ డినైడ్ వరుస. చివర్లో "యూజింగ్ పాస్‌వర్డ్: నో" ఎర్రగా]

వాయిస్: ఈ వరుస చివర "నో" చూడండి. పాస్‌వర్డ్ తప్పని కాదు, అసలు పాస్‌వర్డే పంపలేదని. డెబియన్, ఉబుంటు మీద అప్‌గ్రేడ్ మధ్యలో "కాన్ఫిగ్ ఫైల్ మారింది, ఏం చేయమంటారు" అని అడిగినప్పుడు వై నొక్కేసి ఉంటారు. ప్యాకేజీలోని కొత్త ఫైల్ వచ్చి కూర్చుంది, అందులో డీబీ పాస్‌వర్డ్ లేదు. పాత ఫైల్ పోలేదు, పక్కనే డీపీకేజీ ఓల్డ్ అన్న తోకతో ఉంటుంది. రెండింటికీ డిఫ్ తీసి మీ విలువలు తెచ్చుకోండి. పాస్‌వర్డ్ ఒక్కటే తెచ్చి ఊరుకుంటే మీరు పెంచుకున్న క్యాష్ సైజ్ మళ్లీ డిఫాల్ట్ 32 ఎంబీకి పడిపోయి ఉంటుంది. అప్పుడు సర్వర్ లేచినా "క్యాష్ సైజ్ పెంచండి" అంటూ మెమరీ చాలక పడిపోవచ్చు. రెడ్ హ్యాట్ వైపు మీరు మార్చిన ఫైల్ అలాగే ఉంటుంది, కొత్తది ఆర్‌పీఎం న్యూ పేరుతో పక్కకి చేరుతుంది.

[తెర: బ్రౌజర్. లాగ్ కిటికీ చిన్నదిగా మూలలో]

వాయిస్: లాగ్ శుభ్రంగా ఉంది, వెబ్ పేజీ మాత్రం రావడం లేదు. 7.0 ఫ్రంటెండ్‌కి, అంటే వెబ్ పేజీ భాగానికి, కనీసం పీహెచ్‌పీ 8.0 కావాలి, 6.0కి 7.2.5 సరిపోయేది. రెడ్ హ్యాట్ 8 డిఫాల్ట్‌గా ఇచ్చేది 7.2. డీఎన్‌ఎఫ్ మాడ్యూల్ స్విచ్‌తో 8.2కి మార్చి, పీహెచ్‌పీ ఎఫ్‌పీఎంని, వెబ్ సర్వర్‌ని రీస్టార్ట్ చేయండి. పేజీ వచ్చినా "నాట్ రన్నింగ్" పట్టీ పోకపోతే, వెబ్ సర్వర్ 10051 పోర్టును చేరలేకపోతోంది. లినక్స్‌లోని భద్రతా కాపలా ఎస్‌ఈలినక్స్ ఆన్‌లో ఉంటే హెచ్‌టీటీపీడీ క్యాన్ కనెక్ట్ జాబిక్స్ అన్న బూలియన్ (ఆన్, ఆఫ్ సెట్టింగ్) ఆన్ చేయాలి. దీనికోసం ఎస్‌ఈలినక్స్‌నే ఆపేయడం చీమకి సుత్తి ఎత్తడం. మెనూలు చెదిరినట్టు కనిపిస్తే బ్రౌజర్ క్యాష్ ఖాళీ చేయండి, అంతే.

[తెర: ప్రాక్సీల జాబితా. వెర్షన్ కాలమ్ దగ్గరగా]

వాయిస్: అంతా బాగుందనుకున్న రెండు రోజులకి బయటపడేది ప్రాక్సీల సంగతి. ప్రాక్సీ అంటే బ్రాంచి లాంటి చోట రీడింగ్‌లు సేకరించి సర్వర్‌కి పంపే మధ్యవర్తి. ఏజెంట్లతో, అంటే గమనించే మెషీన్లలో కూర్చుని రీడింగ్‌లు ఇచ్చే ప్రోగ్రాములతో, తొందర లేదు, 1.4 నాటి ఏజెంటుతో కూడా 7.0 మాట్లాడుతుంది. ప్రాక్సీ అలా కాదు. 6.0 ప్రాక్సీని 7.0 సర్వర్ "అవుట్‌డేటెడ్" అంటుంది: అది పంపే డేటా తీసుకుంటుంది, కొత్త కాన్ఫిగ్ మాత్రం ఇవ్వదు. ఆ ప్రాక్సీ కింద పాత స్విచ్‌లన్నీ పచ్చగా ఉంటాయి, నిన్న కలిపిన స్విచ్ ఒక్కటే ఖాళీగా ఉంటుంది. మీరు ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ (స్విచ్‌ని చదవడానికి వాడే పాస్‌వర్డ్ లాంటిది), ఫైర్‌వాల్ వెతుక్కుంటూ సగం రోజు పోగొట్టుకుంటారు. ముందు ఈ కాలమ్ చూడండి. 5.0 ప్రాక్సీ అయితే డేటా కూడా చేరదు.

ప్రాక్సీ ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) మీద ఉంటే డేటాబేస్ అప్‌గ్రేడ్ అన్నదే లేదు. ప్రాక్సీ ఆపి, ప్యాకేజీ మార్చి, డీబీ ఫైల్ తీసేసి స్టార్ట్ చేయండి, కొత్తది తనే తయారుచేసుకుంటుంది. సర్వర్‌కి పంపకుండా ఆ ఫైల్‌లో మిగిలిన రీడింగ్‌లు మాత్రం పోతాయి. అందుకే లింక్ తెగి ఉన్న బ్రాంచి ప్రాక్సీని ముట్టుకోకండి. లింక్ తిరిగి వచ్చి, జాబితాలో లాస్ట్ సీన్ కొన్ని సెకన్లకి దిగి, పేరుకున్న రీడింగ్‌లు గ్రాఫుల్లో కనిపించాకే ఆ ఫైల్ తీయండి.