పార్కిన్సన్స్ అని తెలిశాక తోటివారిని వెతుక్కోవడం ఎలా?

నమస్కారం. వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం, కదలికలు మందగించడం తెచ్చే పార్కిన్సన్స్ జబ్బు అని డాక్టరుగారు చెప్పారు, మందు రాశారు, మూడు నెలల తరవాత రమ్మన్నారు. మరి ఈ మూడు నెలలూ ఎవరిని అడగాలి? చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఇంతసేపు ఎందుకు పడుతోంది, సంతకం ఎందుకు చిన్నదైపోతోంది, నిద్రలో ఆ కేకలేమిటి? ఇవన్నీ ఈ జబ్బు చేసే పనులేనని తీరిగ్గా చెప్పగలిగేది దానితో బతుకుతున్నవాళ్లే. వాళ్లను ఎలా కలుసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. నేను రోగిని కాను, మా నాన్నగారిని చూసుకునే మనిషిని. కాబట్టి మాటల్లో కాస్త ఇంట్లోవాళ్ల వైపు మొగ్గితే ఏమీ అనుకోకండి.

మొదటి రోజే పెద్ద బృందం కోసం వెతకవద్దు. ఒక్క మనిషిని వెతకండి. కొత్తగా తెలిసినవారు నేరుగా సమావేశానికి వెళితే, ఎన్నో ఏళ్లుగా జబ్బుతో ఉన్న పెద్దాయన చక్రాల కుర్చీలో ఎదురుపడవచ్చు. ఆ రాత్రి ఇక నిద్ర పట్టదు, మళ్లీ అటువైపు వెళ్లరు. నిజానికి ఈ జబ్బు ఒక్కొక్కరిలో ఒక్కో వేగంతో నడుస్తుంది. కొందరికి వణుకే ఉండదు, ఒళ్లు బిగుసుకుపోవడమే ప్రధానం. అందుకే మీ వయసుకు దగ్గరగా ఉన్నవారు, ఏడాది రెండేళ్ల కిందటే తెలిసినవారు దొరికితే మేలు. నలభై అయిదేళ్ల ఉద్యోగికి ఆఫీసులో చెప్పాలా వద్దా అన్నది బెంగ. డెబ్బై ఏళ్ల ఆయనకు బాత్‌రూమ్‌లో జారిపడతానేమోనని బెంగ. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే మొదట్లో మాట కలవదు.

ఆ ఒక్కరూ ఎక్కడ దొరుకుతారు? న్యూరాలజిస్టు దగ్గరే. అయితే ఇతర రోగుల నంబర్లు అడగకండి, వాళ్లు ఇవ్వకూడదు. మీ నంబరే వదిలి రండి. స్క్రీన్ మీద ఉన్నది చదువుతాను: "డాక్టరుగారూ, మా నాన్నగారి వయసువారు ఎవరైనా మాట్లాడటానికి ఇష్టపడితే, దయచేసి మా నంబరు వాళ్లకు ఇవ్వండి." అంతే. ఫిజియోథెరపిస్టుకూ ఇదే మాట చెప్పండి. నా ఉద్దేశంలో అక్కడే త్వరగా పని జరుగుతుంది, ఎందుకంటే వారం వారం అదే బెంచీ మీద అదే మనుషులు కూర్చుంటారు.

ఇక సంస్థల సంగతి. ముంబయిలో 2001లో మొదలైన పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ రోగులకూ, కుటుంబాలకూ ఉచితంగా బృంద సమావేశాలు నడుపుతుంది. మీకు దగ్గరలో ఏదైనా ఉందా, తెలుగులో మాట్లాడేవారున్నారా అని వాళ్లను అడగండి. అమెరికాలో ఉన్నవారికి పార్కిన్సన్స్ ఫౌండేషన్ హెల్ప్‌లైన్ ఉంది.

మనిషి దొరికాక ఏం అడగాలి? రోజు ఎలా గడుస్తుందో అడగండి. గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతే ఏం చేస్తారు? కొందరు అంకెలు పైకి లెక్కపెడతారు, కొందరు నేల మీద గీత ఉందనుకుని దాటుతారు. పప్పు, గుడ్డు, మాంసంలోని మాంసకృత్తులు ఈ జబ్బుకు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా ఒంటికి ఎక్కకుండా అడ్డుపడవచ్చు. భోజన వేళకూ మాత్రకూ మధ్య ఎంత ఎడం పెట్టుకున్నారో అడగండి, తరవాత మీ డాక్టరుతో సరిచూసుకోండి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గురించీ అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

డాక్టరు దగ్గర నోరు విప్పని విషయాలు కూడా ఇక్కడ బయటపడతాయి. ఈ జబ్బుకే ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వాడేవారిలో కొందరికి జూదం మీదో, అదేపనిగా కొనడం మీదో అదుపు తప్పుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని బుద్ధి మారడం అనుకుని కుమిలిపోతుంటారు. "మా ఇంట్లోనూ ఇలాగే అయింది" అని ఒకరు అన్నాక గానీ డాక్టరుకు చెప్పే ధైర్యం రాదు. చెప్పండి, కానీ మందు మీ అంతట మీరు ఆపకండి. హఠాత్తుగా ఆపడం ప్రమాదం.

తోటివారి నుంచి తీసుకోకూడదని నేను గట్టిగా చెప్పేది మోతాదు. "నేను సగం మాత్ర పెంచాను, బాగుంది" అన్న మాట విని వదిలేయండి. దూలగొండి పొడి సలహా కూడా తప్పకుండా వస్తుంది. ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది, చిక్కంతా అక్కడే. మాత్రతో పాటు అదీ వేసుకుంటే ఒంట్లోకి ఎంత వెళ్తోందో లెక్క తెలియదు. పొడి అమ్మే మనిషి బృందంలో ఉంటే ఆ బృందం మానేయండి.

మీ ఊళ్లో ఏ బృందమూ లేకపోతే మీరే మొదలుపెట్టండి, మూడు కుటుంబాలు చాలు. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకేను 1969లో మొదలుపెట్టిన మాలీ జెంకిన్స్ కూడా రోగి కారు, ఆ జబ్బు ఆమె సోదరికి. మెట్లు లేని ఇల్లు, చేతులున్న కుర్చీలు, దగ్గరలో బాత్‌రూమ్ చూసుకోండి. అందరికీ మందు పనిచేసే గంట ఏదో ముందుగా అడిగి అప్పుడే కలవండి. గొంతు సన్నబడిన వారుంటారు, కాబట్టి టీవీ కట్టేయండి. ఒకరు మాట్లాడుతుంటే వాక్యం వాళ్లనే పూర్తిచేయనివ్వండి.

చూసుకునేవాళ్లకు మాత్రం వేరే గది కావాలి. భర్త ఎదురుగా ఏ భార్యా "అలసిపోయాను" అనదు. అరగంట చాలు, రోగులు వ్యాయామం చేస్తుండగా పక్కగదిలో టీ పెట్టుకుని కూర్చోండి. దిగులు అంతకు మించి ఉంటే, రోగికైనా మీకైనా, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడవచ్చు. దిగులు ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి కూడా, అందుకని న్యూరాలజిస్టుకూ చెప్పాలి.

ఇప్పుడు వీడియో ఆపి, డాక్టరుగారికి చెప్పాల్సిన ఆ వాక్యం ఒక చీటీ మీద రాసి, మీ ఫోను నంబరుతో సహా మందుల ఫైలులో పెట్టుకోండి.