టిక్కు పడని వరుస

శ్రోతలందరికీ నమస్కారం.

మా అమ్మ దగ్గర ఒక రూళ్ల నోటుబుక్కు ఉండేది. ఎవరి కోసం ఏమని ప్రార్థిస్తోందో అందులో వరుసగా రాసుకునేది. ముందు తేదీ, పక్కన విషయం. అది జరిగిన రోజున చివర్లో ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేది. పక్కింటి అమ్మాయి కాన్పు, ఎవరిదో కంటి ఆపరేషన్, నా ఉద్యోగం... చాలావాటికి టిక్కులు పడ్డాయి. పడనివాటిని నెలాఖరున కొత్త పేజీలోకి ఎక్కించేది. అలా ఒక వరుస పదకొండేళ్లు పేజీలు మారుతూ వచ్చింది. "పెద్దోడు తాగుడు మానాలి, ఇంటికి రావాలి."

ఈ రోజు నేను మాట్లాడదామనుకున్నది ఆ వరుస గురించే.

ప్రార్థనకు జవాబు రావడం లేదని ఎవరైనా అనగానే మన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంటుంది. దేవుడు మూడు రకాలుగా జవాబిస్తాడు: సరే, వద్దు, ఆగు. వినడానికి బాగుంటుంది. నేనూ ఒకరిద్దరికి చెప్పాను. కానీ ఫోన్ ఎత్తని కొడుకు కోసం అర్ధరాత్రి దాటినా మేలుకుని కూర్చున్న తల్లికి ఆ 'వద్దు' వినపడదు, 'ఆగు' కూడా వినపడదు. ఏమీ వినపడకపోవడమే కదా ఆవిడ బాధ! ఇంకొందరు "విశ్వాసం చాలడం లేదేమో, ఏదైనా పాపం అడ్డొస్తోందేమో" అంటారు. మంచి మనసుతోనే అంటారనుకోండి. తగిలిన చోటే మళ్లీ తగులుతుంది.

బైబిల్లో, బిడ్డల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు అనే భక్తుడి స్నేహితులు చేసిందీ ఇదే. ముగ్గురూ వచ్చి మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా ఆయన పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే అనిపిస్తుంది నాకు. నోరు విప్పాక దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని యోబును తప్పుపట్టడం మొదలుపెట్టారు. యోబు మాత్రం, నేను మొరపెడుతుంటే జవాబివ్వవేమని దేవుణ్ణే నిలదీశాడు. చివరికి దేవుడు యోబుకూ గట్టిగానే చెప్పాడు, అది వేరే సంగతి. కానీ యోబు గ్రంథం 42వ అధ్యాయంలో దేవుడి కోపం మండింది ఎవరి మీద? తనను వెనకేసుకొచ్చినవాళ్ల మీద! నా గురించి యోబు మాట్లాడినట్టు మీరు సరిగ్గా మాట్లాడలేదన్నాడు.

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. వాటిలో ఏడుపుతో మొదలైనవి చాలావరకు మధ్యలో ఎక్కడో మలుపు తిరుగుతాయి. 13వ కీర్తన చూడండి. మొదటి రెండు వచనాల్లోనే ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని నాలుగుసార్లు అడిగినవాడు, ఆరో వచనానికల్లా పాట అందుకుంటాడు. 88వ కీర్తనలో ఆ మలుపు లేదు. హీబ్రూలో దాని ఆఖరి మాటే 'చీకటి'. అక్కడితో అయిపోయింది. ఇలాంటిది పూజా గ్రంథంలో ఎందుకులే అని ఎవరూ తీసేయలేదు, చూశారా. ఆ కీర్తనలోనే ఒకచోట, తెల్లవారగానే నా ప్రార్థన నీ ముందుకొస్తుంది అంటాడు. జవాబు లేదు. అయినా తెల్లారితే మళ్లీ అదే గుమ్మం.

నమ్మకం ఉంటే మనసు నిమ్మళంగా ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. ఈయనకు నిమ్మళం ఎక్కడుంది? కోపం ఉంది, అలసట ఉంది. ఆ రెంటినీ తీసుకెళ్లి దేవుడి ముందే కుమ్మరించాడు. వదిలేసి వెళ్లిపోయినవాడు ఎన్నాళ్లని ఎవరిని అడుగుతాడు?

ఒకసారి ఎవరో అమ్మకు, తర్వాత పెద్ద క్రైస్తవ గురువైన అగస్టీన్ తల్లి మోనికా కథ చెప్పారు. 383లో కొడుకు రోమ్ వెళ్తానంటే, సముద్రం ఒడ్డున ఒక ప్రార్థనా మందిరంలో ఆవిడ రాత్రంతా ఏడ్చింది, వాణ్ణి వెళ్లనివ్వకు ప్రభువా అని. కొడుకు తల్లికి అబద్ధం చెప్పి అదే రాత్రి ఓడెక్కేశాడు. రోమ్ నుంచి మిలాన్ చేరాడు. 387లో బాప్తిస్మం తీసుకున్నది అక్కడే. ఆ రాత్రి ఆమె అడిగింది ఇవ్వకపోవడం వల్లే, ఆమె ఎప్పుడూ అడుగుతున్నది, అంటే కొడుకు విశ్వాసంలోకి రావడం, దొరికిందని అగస్టీనే తర్వాత రాసుకున్నాడు. అమ్మ అంతా విని, "ఆవిడ కళ్లారా చూసుకుంది కదా" అంది. చెప్పినావిడ ఇంకేం మాట్లాడలేదు.

అమ్మ పోయాక ఆ నోటుబుక్కు నా దగ్గరికి వచ్చింది. చివరి పేజీలో అక్షరాలు వణికి, గీత దాటి కిందికి జారాయి. తేదీ లేదు. తాగుడు మాట కూడా లేదు. "పెద్దోడు ఇంటికి రావాలి." అంతే.

అన్నయ్య ఇంకా రాలేదు. నెలాఖరున నేనే కొత్త పేజీ తీసి ఆ వరుస ఎక్కిస్తున్నాను. కొన్ని నెలలు కోపంగా రాశాను. ఒక నెల అసలు రాయనేలేదు. ఆ తర్వాతి నెల మళ్లీ రాశాను. ఎర్ర పెన్ను పుస్తకంలోనే ఉంది. ఎండిపోయిందేమోనని అప్పుడప్పుడూ అట్ట లోపలివైపు గీసి చూస్తుంటాను.