కనపడని పట్టికలో మా ఊరివాళ్లు

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చున్న రీసెర్చ్ స్కాలర్లకు నమస్కారం. శాలువాలు అయిపోయాయి కాబట్టి పనిలోకి దిగుతాను. కాన్ఫరెన్స్‌లో మాట్లాడటానికి స్లయిడ్లు ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు.

పైపై సంగతులు గబగబా చెప్పేస్తాను. అక్షరాలు 24 పాయింట్ల కన్నా తగ్గించకండి. ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే తేడా చూపించకండి, ఆ రెండూ ఒకేలా కనిపించేవాళ్లు హాల్లో ఎవరో ఒకరుంటారు. తెలుగు వాడితే యూనికోడ్‌లో కొట్టండి. అను ఫాంట్లలో చేసింది, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలైపోతుంది. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ ఉంచుకోండి. ఇవన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి, వీటికోసం నన్ను పిలవక్కర్లేదు.

నా బాధ వేరే. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు. సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా! మీ ఇళ్లల్లో కిడ్నీ జబ్బు గురించి నేను చెప్పాలా? బీపీ, షుగరు లేనివాళ్లకు కూడా వస్తోంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

ఆ మధ్య ఒక సదస్సుకి వెళ్లాను. ఏ ఊళ్లో జరిగిందో, ఎవరు మాట్లాడారో వద్దులెండి. ఉద్దానం డేటా అన్నారు. ముందుకి జరిగి కూర్చున్నాను. తెర నిండా పట్టిక, చీమల బారులా అంకెలు. ఆయన ఏమన్నాడో తెలుసా? "ఇది మీకు కనపడకపోవచ్చు" అని తర్వాతి స్లయిడుకి వెళ్లిపోయాడు.

కనపడదని తెలిసి ఎందుకు పెట్టావు బాబూ?

ఆ అంకెల కోసం మావాళ్లు తోటపని మానుకుని, కూలి పోగొట్టుకుని, బడి వరండాలో నిలబడి రక్తం ఇచ్చారు. "రిపోర్టు ఎప్పుడిస్తారు బాబూ?" అని అడిగారు. అంతకన్నా అన్యాయం ఇంకోటుంది. శ్రీలంకలోని ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. శ్రీలంక నుంచి వచ్చినాయన టీ దగ్గర నన్నడిగాడు, మీ దగ్గర ఏ వయసు నుంచి మొదలవుతోందని. ఆ సంగతి ఆ పట్టికలోనే ఉంది! రెండు చోట్ల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిన మనిషి, ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు.

కల్పనా చావ్లా పోయిన కొలంబియా అంతరిక్ష నౌక సంగతి మీకు తెలుసు. 2003 జనవరి 16న నౌక పైకి లేచినప్పుడే ఇంధన ట్యాంకు నుంచి నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. ఆ దెబ్బ గురించి ఇంజనీర్లు చేసిన స్లయిడుకి ధైర్యం చెప్పే శీర్షిక పెట్టారు. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, తగిలిన ముక్క 1920. ఈ తేడా స్లయిడులో ఎక్కడ రాశారంటారా? అట్టడుగున, చివరి వరసలో. స్లయిడు వల్లే నౌక కూలిందని నేననను. కానీ ప్రమాద విచారణ బోర్డు తన నివేదికలో ఆ స్లయిడు గురించి ప్రత్యేకంగా రాసింది.

అందుకే శీర్షికలో "ఫలితాలు" అని రాసి వదిలేయకండి. ఎక్కడ, ఎవరిలో, ఎంత పెరిగిందో పూర్తి వాక్యంగా రాయండి. కింద ఒక్కటే గ్రాఫు. ఒకో మనిషికి ఒకో చుక్క, అడ్డంగా వయసు, నిలువుగా ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె. 60 దగ్గర ఒక గీత గీయండి. మూడు నెలలకు పైగా ఆ గీత కిందే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. గీత కింద చుక్కలు ఏ వయసు దగ్గర మొదలయ్యాయో చివరి బెంచీకి కూడా తెలుస్తుంది. పట్టిక కావాలన్నవాళ్లకి జిరాక్స్ ఇవ్వండి. రోగుల ముఖాల ఫొటోలు మాత్రం అస్సలు వద్దు.

ఇంకా చాలా రాసుకొచ్చాను, యానిమేషన్లనీ అవనీ. అవి పక్కన పెడదాం. లాప్‌టాప్ తెచ్చినవాళ్లు మీ పట్టిక ఉన్న స్లయిడు తెరవండి. ప్రిన్సిపాల్ గారూ, టీ పది నిమిషాలు ఆగితే ఏమనుకోరు కదా? చివరి బెంచీలో చీర కట్టుకున్న అమ్మా, నువ్వు లేవకు. ఒక్కొక్కరూ తెర మీద పెడతారు, కనపడకపోతే అక్కడినుంచే గట్టిగా చెప్పు.