ఆ కారు ఇంజిన్ ఆపింది మీ హార్నే!

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క మాట చెప్పడానికి కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర ఎల్ బోర్డు కారు ఆఫ్ అయిపోయి, దాని వెనక బండ్లన్నీ నిలిచిపోయాయంటే ఆ తప్పు నేర్చుకుంటున్నవారిది కాదు, వెనక నుంచి హార్న్ కొట్టినవారిది. మళ్లీ చెబుతున్నాను. ఆ ఇంజిన్ ఆపింది హార్న్!

పోయిన వీడియోలో మా అక్క కారు నేర్చుకుంటోందని చెప్పాను కదా. దాని కింద మీలో చాలామంది ఒకటే పాట పాడారు. "నేర్చుకునేవాళ్లు గ్రౌండ్‌లో నేర్చుకోవాలి. ఆఫీసు వేళ మెయిన్ రోడ్డు మీదకు వచ్చి మా ప్రాణం తీయడం ఎందుకు?" అని. చదివి నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. దానికి జవాబు చెబుతాను. ముందు ఈ హార్న్ సంగతి తేల్చుకుందాం.

గేరు కారు నడిపేవాళ్లు ఒక్కసారి మీ ఎడమ పాదం గుర్తు చేసుకోండి. క్లచ్ వెంట్రుకవాసి వదిలితే బండి ముక్కు కొద్దిగా పైకి లేస్తుంది. స్టీరింగ్‌లో సన్నటి వణుకు తెలుస్తుంది, ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది. అదే హాఫ్ క్లచ్. మనకు అలవాటైపోయింది కాబట్టి ఆలోచించం. కొత్తవాళ్లు ఆ క్షణాన్ని చెవితో వెతుక్కుంటారు. శబ్దం ఎప్పుడు మారుతుందా అని ఊపిరి బిగబట్టి వింటుంటారు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి హార్న్ మోగించారనుకోండి. ఇంకేం వినపడుతుంది? మనిషి ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే కాలు లేస్తుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలేసినట్టే. తిరుగుతున్న ఇంజిన్, కదలని చక్రాలు ఒక్కదెబ్బన కలిస్తే బండి ఒక ఎగురు ఎగిరి ఆగిపోతుంది. అయిపోయింది! మీరు తొందరపడి మోగించిన ఆ హార్న్‌తో మీ దారికి మీరే అడ్డం కట్టుకున్నారు.

పోయిన మంగళవారం ఏం జరిగిందో చెబుతాను. మా అక్కకు 46 ఏళ్లు. అమ్మను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. తెల్లవారుజామున క్యాబ్ వస్తుందో రాదో తెలియదు. అందుకే ఈ వయసులో నేర్చుకుంటోంది. చెప్పులు విప్పి వెనక సీటు కింద పెట్టేసి, వట్టి పాదాలతో నడుపుతుంది. క్లచ్ పాదానికి తెలియాలి అంటుంది. నేను పక్క సీట్లో ఉన్నాను, నా చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదే ఉంది. బంజారాహిల్స్‌లో ఎత్తు మీద ఒక సిగ్నల్. ఈ నగరంలో ఎత్తు తప్పించుకోవడం ఎలా సాధ్యమండీ? బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అని పేర్లలోనే కొండలు పెట్టుకున్నాం. నల్లరాతి గుట్టల మీద కట్టుకున్న ఊరు మనది. ఎక్కడికి వెళ్లినా ఒక ఎత్తో, ఒక ఫ్లైఓవరో ఎదురవుతుంది. ఎత్తు మీద నిలబడ్డ గేరు కారు కదిలేముందు కొద్దిగా వెనక్కి జారుతుందని బండి నడిపే ప్రతి మనిషికీ తెలుసు. తెలిసి కూడా మా వెనక ఉన్న పెద్ద కారాయన ఎంత దగ్గరికి వచ్చి నిలిపాడంటే, అద్దంలో ఆయన నంబరు ప్లేటు కూడా కనిపించలేదు.

సిగ్నల్‌లో అంకెలు పడుతున్నాయి. మూడు... రెండు... ఇంకా ఆకుపచ్చ రానేలేదు. హార్న్! అక్క కాలు లేచింది, బండి ఆగింది. తాళం తిప్పింది. మళ్లీ హార్న్, మళ్లీ ఆగింది. ఈలోపు రెండు పక్కల నుంచి బైకులు వచ్చి మా ముందు ఖాళీలో దూరిపోయాయి. ఇప్పుడు బండి స్టార్ట్ అయినా కదలడానికి చోటు లేదు. మూడోసారి కూడా ఆగింది. సిగ్నల్ ఎరుపుకు మారింది. చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరూ తల తిప్పి మా కారులోకే చూస్తున్నారు. ఓవర్‌టేక్ చేసి వెళ్లేవాళ్లు కూడా వేగం తగ్గించి మరీ నడుపుతున్నది ఎవరో చూసి వెళ్లారు. ఆడమనిషి కనిపించగానే ఒకాయన నవ్విన నవ్వు నేను జీవితంలో మరిచిపోను. అక్క ముఖం ఎర్రబడిపోయింది. అరచేతుల చెమటకు స్టీరింగ్ జారిపోతుంటే చీర కొంగుతో తుడిచింది.

తర్వాతి సిగ్నల్ పడేలోపు ఒక సంగతి జరిగింది. మా వెనక ఉన్న పెద్ద కారు విసుగుతో ఎడమకు కోసుకుని వెళ్లిపోయింది. ఆ చోటులోకి ఆర్టీసీ బస్సు వచ్చింది. నా గుండె జారిపోయింది. కానీ ఆ డ్రైవరు ఏం చేశాడో తెలుసా? ఒక కారు పట్టేంత దూరంలో బస్సు నిలిపాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వెనకవాళ్లకు ఆగమని చూపించాడు. ఆకుపచ్చ పడింది. ఒక్క హార్న్ లేదు. నేను హ్యాండ్ బ్రేక్ లాగి పట్టుకున్నాను, అక్క మెల్లగా క్లచ్ వదిలింది, శబ్దం బరువెక్కింది, "ఇప్పుడు వదలరా" అంది. వదిలాను. బండి సాఫీగా ఎక్కేసింది. ఐదారు సెకన్లు పట్టిందేమో! అదే మనిషి, అదే కారు, అదే ఎత్తు. మారింది వెనక ఉన్నవారొక్కరే. ఇంతకంటే రుజువు ఏం కావాలి మీకు? మొత్తం నా ఫోనులో రికార్డయింది, చివర్లో వినిపిస్తాను. ఆ డ్రైవరన్నకు ఇక్కడి నుంచే చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఇప్పుడు గ్రౌండ్ సంగతి. గ్రౌండ్‌లో సిగ్నల్ ఉంటుందా? ఎడమ పక్క నుంచి దూసుకొచ్చే బైకు ఉంటుందా? తెల్లవారుజామున ఉస్మానియా యూనివర్సిటీ రోడ్ల మీద ఎంతోమంది నేర్చుకుంటారు, మా అక్కా అక్కడే మొదలుపెట్టింది. అక్కడ గేర్లు వస్తాయి, స్టీరింగ్ వస్తుంది. కానీ బండి తీసుకుని డయాలసిస్‌కు వెళ్లాల్సింది ఈ రోడ్ల మీదే కదా. లైసెన్సు పరీక్ష పెట్టే నాగోలు ట్రాక్ మీద 8 అంకె తిప్పిస్తారు, హెచ్ ఆకారంలో వెనక్కి తీయిస్తారు. అక్కడ వెనక నుంచి ఎవరూ హార్న్ కొట్టరు. కొత్తవాళ్లను నిజంగా వణికించే పరీక్ష పెట్టేది మనమే!

పైగా ఇది వారి హక్కు. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, 6 నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లాలి. ఆ నెల రోజులు రోడ్డు మీద నేర్చుకోవడానికే ఇచ్చారు. పక్కన లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి, ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. ఆ పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో కొలతలతో సహా రాశారు. అంత పెద్దదిగా ఎందుకు పెట్టమన్నారు? వెనకవాళ్లకు దూరం నుంచే కనపడి నెమ్మదించాలని. మనవాళ్లు అది కనపడగానే ఏం చేస్తున్నారు? హార్న్ మీద చెయ్యి వేస్తున్నారు!

హార్న్ గురించి కూడా చట్టంలో ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194ఎఫ్ సెక్షన్. అవసరం లేకుండా హార్న్ కొట్టినా, ఆపకుండా కొట్టినా మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ చేస్తే 2,000 రూపాయల జరిమానా. హెల్మెట్ లేకపోతే ఫోటో తీసి ఇంటికి చలానా పంపుతున్నాం. ఎల్ బోర్డు వెనక పది సెకన్లు హార్న్ నొక్కిపెట్టిన మనిషికి చలానా వచ్చిందని మీలో ఎవరైనా విన్నారా? నేనైతే వినలేదు.

నన్ను అన్నిటికంటే కోతపెట్టింది ఇంటికి వచ్చాక అక్క అన్న మాట. కారు దిగి, చెప్పులు వేసుకుంటూ, వెనక అద్దం మీది ఎర్ర అక్షరం వైపు చూసి, "రేపటి నుంచి ఆ బోర్డు తీసేద్దాంరా. అది చూసే అందరూ మీద పడుతున్నారు" అంది. వింటున్నారా? రక్షణ కోసం పెట్టుకున్న బోర్డును, రక్షణ కోసమే పీకేయాలనుకుంటోంది! ఈ నగరంలో ఎల్ బోర్డు లేకుండా నేర్చుకుంటున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో, అందులో ఎంతమంది బోర్డు మనం పీకించామో ఆలోచించండి. అరచేతి పాటి స్టిక్కరు ఒక మూలన అంటించుకునేవాళ్లు కూడా ఇదే భయంతోనే అంటించుకుంటున్నారు. లైసెన్సు వచ్చినా బీరువాలో పెట్టేసి "నాకు డ్రైవింగ్ వద్దులే" అనే అక్కలు, వదినలు మీ ఇళ్లలో లేరా? వాళ్లను అడగండి. ఏ సిగ్నల్ దగ్గర, ఎన్ని హార్న్‌ల తర్వాత ఆ మాట అనుకున్నారో అడగండి.

నేను బోర్డు తీయనివ్వలేదు. ఇంకాస్త పెద్దది తెచ్చి అంటించాను. రేపు పొద్దున మళ్లీ అదే ఎత్తు ఎక్కబోతున్నాం.

సరే, ఆ రికార్డు వినండి. ఇయర్‌ఫోన్లు ఉంటే పెట్టుకోండి. మొదట ఇంజిన్ మామూలుగా తిరుగుతూ ఉంటుంది. మెల్లగా శబ్దం బరువెక్కడం మొదలవుతుంది, అక్క క్లచ్ వదులుతోంది. ఆ తర్వాత హార్న్. హార్న్ ఆగాక ఒక్క సెకను పాటు ఏమీ వినపడదు. ఇంజిన్ కూడా. ఆ సెకనులో అక్క చిన్నగా "అయ్యో" అంటుంది, అది వినండి.